బుధవారం, ఐదూ యాభై

ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పేముందు మాష్టారు ఒకసారి వెనకగది తలుపు వైపు చూస్తున్నారు. ఆ చూపును డిటెక్టివ్ మూడుసార్లు లెక్కపెట్టింది. తప్పు దాచుకున్నవాడి చూపు కాదది. ఎవరి అలికిడికో చెవి ఒగ్గి కూర్చున్న మనిషి చూపు.

ఆయన భార్య కనిపించకుండా పోయి ఆ మంగళవారానికి ఇరవై రోజులు. ఊళ్ళో అందరూ ఆమెను నీళ్ళ డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆమె చదివింది వైద్యం కాదు, రసాయన శాస్త్రం. నీళ్ళకి జబ్బు చేస్తే ఇట్టే పట్టేస్తుందని ఆ పేరు వచ్చింది. ఒక బుధవారం తెల్లవారుతూనే ఆమె మంచినీళ్ళ పంప్‌హౌస్‌కి వెళ్ళింది. ఆరున్నరకి ఇంట్లో ఉండాల్సిన మనిషి తొమ్మిదైనా రాలేదు. సాయంత్రానికి ఏటి వెంట రెండు కిలోమీటర్ల దిగువన, ఆనకట్ట మెట్ల మీద ఆమె చెప్పులూ చేతిసంచీ దొరికాయి. శవం దొరకలేదు. పోలీసులు తొమ్మిదో రోజుదాకా వెతికి, కాలు జారి మునిగిపోయిందని రాసి ఫైలు కట్టేశారు. పంతొమ్మిదో రోజున మాష్టారు డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కారు.

ముందు పోలీసులు అడిగినవన్నీ డిటెక్టివ్ మళ్ళీ అడిగింది. ఇంట్లో మాటామాటా అనుకున్నారా అంటే, ముప్పై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నామని చెప్పారు మాష్టారు. ఆ బుధవారం ఉదయం ఏమైనా తేడాగా కనిపించిందా అంటే, తను నిద్రలోనే ఉన్నానని, తలుపు వేసిన చప్పుడు మాత్రం విన్నానని చెప్పి ఆగిపోయారు. లేచి ఒక మాట మాట్లాడి ఉంటే బాగుండేదన్నది ఆయన నోటితో అనలేదు గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో తెలిసిపోయింది.

తర్వాత ఆమె పోలీసులు అడగనివి మొదలుపెట్టింది.

"వెనకగదికి సందులోంచి వేరే తలుపుంది కదా. తాళంచెవులు ఎన్ని?"

"రెండమ్మా. నా దగ్గరొకటి, ఆవిడ దగ్గరొకటి."

"ఆవిడది చేతిసంచీలో దొరికిందా?"

మాష్టారు ఆలోచించి, లేదన్నారు. ఏట్లో పడిపోయి ఉంటుందని పోలీసులు అన్నారట.

ఆయన దినచర్య అడిగింది. రోజూ ఉదయం ఐదింటికి ఇల్లు కదిలి ఆనకట్ట దగ్గరికి వెళ్తారు. చెప్పులు దొరికిన మెట్ల మీద కూర్చుంటారు. ఒడ్డమ్మట కొంతదూరం నడుస్తారు. ఏడింటికి తిరిగొస్తారు. ఇరవై రోజుల్లో ఒక్కరోజూ మానలేదు. వానొచ్చిన రోజు గొడుగేసుకుని వెళ్ళారు.

వెనకగదే వాళ్ళిద్దరి ప్రయోగశాల. ఒక బల్ల, ఒక తూకం, మందుల సీసాలున్న అల్మరా, మూలన పాతకాలం ఫ్రిజ్. మాష్టారు ఒకప్పుడు కాలేజీలో పాఠం చెప్పిన మనిషి, ఎంత దుఃఖంలో ఉన్నా పాఠం వచ్చేసరికి గొంతు నిలబడుతుంది. పంప్‌హౌస్‌లో డాక్టరమ్మ పెట్టిన పెట్టె ఎలా పనిచేస్తుందో ఆమెకు విప్పి చెప్పారు.

"ఎంజైమంటే చిన్న పనివాడమ్మా. ఈ రకం వాడికి యూరియా ఇస్తే విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాడు. ఎంత చేశాడో పక్కనున్న ఎలక్ట్రోడు కొలుస్తుంది. నీళ్ళు మంచివైతే వాడు చకచకా పనిచేస్తాడు. నీళ్ళలో రాగో కాడ్మియమో పాదరసమో కలిసిందనుకోండి, అది పోయి వాడి చేతులు పట్టేసుకుంటుంది. పని మందగిస్తుంది, రీడింగు పడిపోతుంది. కంటికి కనపడని విషం, నాలుక మీద వేసుకున్నా తెలీని విషం, వాడికి తెలుస్తుంది."

ఆ ఎంజైమును సన్నటి నైలాన్ గుడ్డ మీద పట్టించి, గోరంత పొరలుగా తయారు చేసేది మాష్టారు. పెట్టెలో పెట్టేది డాక్టరమ్మ. కొత్త పొర రీడింగు నూరు దగ్గర మొదలవుతుంది. నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నా ఎంజైము తనంతట తనే రోజుకి నాలుగు చొప్పున నీరసిస్తుంది. అందుకని వారానికొకసారి, బుధవారం పొద్దున, పొర మార్చాలి. పెట్టె మాత్రం పది నిమిషాలకొకసారి నీళ్ళని రుచి చూస్తూనే ఉంటుంది. ఎగువన ఉన్న లోహపు పూతల ఫ్యాక్టరీ మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం కాసేపు మురికి వదిలి గమ్మున కూర్చుంటోంది. అధికారులు నెలకోసారి ఉదయం పూట సీసాలో పట్టుకెళ్ళే నీళ్ళలో అది దొరకదు. ఈ పెట్టెకి దొరుకుతుంది. నలభై రోజులు తెగకుండా రికార్డు చూపిస్తే ఫ్యాక్టరీ మీద విచారణ మొదలుపెడతామని కాలుష్య నియంత్రణ సంఘం వాళ్ళు మాటిచ్చారు. డాక్టరమ్మ పోయేనాటికి పద్నాలుగు రోజులు పూర్తయ్యాయి.

"ఇప్పుడు పొరలు చెయ్యడం మానేశారా?" అని అడిగింది డిటెక్టివ్.

మాష్టారు తల వంచుకున్నారు. "ప్రతి సోమవారం రెండు చేస్తాను. ఒకటి పెట్టెకి, ఒకటి పొరపాటున పాడైతే పనికొస్తుందని. నిన్న కూడా చేశాను."

"పెట్టే మనిషి లేదు కదా మాష్టారూ."

"చెయ్యకపోతే సోమవారం గడవదమ్మా."

పంప్‌హౌస్‌కి తను ఆ తర్వాత వెళ్ళలేదనీ, పెట్టె దగ్గరికి ఆవిడ దిగే ఆ నిచ్చెన చూసే ధైర్యం లేదనీ, పెట్టెలో ఎంజైము ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందనీ చెప్పారు. ఆ చివరి మాట డిటెక్టివ్ తన పుస్తకంలో రాసుకుంది.

పంప్‌హౌస్ చేరేసరికి పదకొండూ ఇరవై. ఆపరేటరు నిలువెత్తు మనిషి, మాట మాటకీ గోడగడియారం చూస్తాడు. పెళ్ళిరోజు మర్చిపోయి ఇంట్లో తిట్లు తిన్నాను గానీ వాల్వు తిప్పే టైము ఏనాడూ మర్చిపోలేదని గొప్పగా చెప్పుకున్నాడు. అలాంటి మనిషి సాక్ష్యానికి బంగారం. నెలంతా తనదే రాత్రి డ్యూటీ. ఆరింటికి దిగాలి. ఈవేళ పగటి మనిషి రాలేదని ఉండిపోయాడు.

అతనితో ఆ బుధవారాన్ని నిమిషం నిమిషం నడిపించింది. డాక్టరమ్మ ఐదున్నరకి వచ్చింది, పలకరించింది, పెట్టె ఉన్న బావి గదిలోకి వెళ్ళింది. ఐదూ నలభై అయిదుకి తను గేటు గదికి పోయాడు. అక్కడ రిజిస్టరులో సంతకం పెట్టి, తాళాలు అప్పజెప్పి, వెళ్ళే ముందు ఆఖరుసారి మీటర్లు చూసుకోడానికి ఆరూ ఐదుకి తిరిగొచ్చాడు. అప్పటికి ఆమె లేదు. పని ముగించుకుని వెళ్ళిపోయిందనుకున్నాడు.

"అంటే ఇరవై నిమిషాలు ఇక్కడ ఎవరూ ఉండరు."

"రోజూ అంతేనండి."

"ఈ సంగతి పోలీసులకి చెప్పావా?"

"వాళ్ళు అడగలేదండి."

పెట్టె రీడింగులు కంప్యూటరు తెర మీద ఉన్నాయి. ఆపరేటరుకి వాటితో పనిలేదు. అది నడుస్తోందంటే నడుస్తోంది, అంతే. డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చుని ఇరవై రోజుల గీతను మొదటినుంచీ చూసింది. సైన్సు ఆమెకి స్కూల్లోనే దూరమైంది. కానీ రోజుకి నాలుగు తగ్గాలన్న లెక్కకి సైన్సు అక్కర్లేదు. ఇరవై రోజులకి ఎనభై పోవాలి. ఇవాళ తెర మీద ఇరవై ఉండాలి.

డెబ్బై ఆరు ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మంగళ, శుక్రవారాల మధ్యాహ్నాల్లో సన్నని గుంటలున్నాయి, అవి ఫ్యాక్టరీ పుణ్యం. వాటిని పక్కన పెడితే గీత నూరు నుంచి మెల్లగా దిగుతోంది. డెబ్బై రెండు దాకా దిగి, ఉన్నట్టుండి నూరుకి లేచింది. మళ్ళీ దిగి, మళ్ళీ లేచింది. రెండుసార్లు లేచింది. రెండూ బుధవారాలే. లేచిన చోట దగ్గరగా చూస్తే ఉదయం ఐదూ నలభై రీడింగు ఉంది. ఆరు గంటల రీడింగు ఉంది. మధ్యలో ఐదూ యాభైది లేదు. పెట్టె మూత తీసి ఉంటే రీడింగు రాదు.

పోయిన బుధవారం, అంతకుముందు బుధవారం, ఎవరో వచ్చి పొర మార్చారు. మాష్టారు ఆ వేళకి ఆనకట్ట మెట్ల మీద ఉంటారు. చనిపోయిందని పోలీసులు ఫైలు కట్టేసిన మనిషి తప్ప ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆమె ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా లేచి, బావి గది చూస్తానంది. తలుపుకి పోలీసులు అంటించిన టేపు అలాగే ఉంది, ఎక్కడా చిరగలేదు. ఆ దారిన ఎవరూ రాలేదన్నమాట. టేపు తీసి లోపలికి వెళ్ళింది. గుండ్రటి బావి, గోడకి ఇనుపనిచ్చెన, నీళ్ళకి జానెడు పైన సెన్సరు పెట్టె. అవతలి గోడకి చెత్త తీసుకునే చిన్న గేటొకటి ఏటి వైపు తెరుచుకుంటుంది. గడియ పట్టుకుని లాగితే చప్పుడు లేకుండా జరిగింది. వేలికి నూనె అంటింది.

నిచ్చెన దిగుతూ మెట్టు మెట్టునీ టార్చి వేసి చూసింది. ఇనుము మీద పాచి పట్టింది. ఆ పాచి మీద అడుగులున్నాయి, చెప్పుల్లేని అడుగులు. కుడిపాదం పూర్తిగా పడింది. ఎడమపాదానివి వేళ్ళు మాత్రమే. అన్ని మెట్ల మీదా అంతే. మడమ కింద పెట్టలేని మనిషి, పంటి బిగువున ఈ నిచ్చెన దిగింది, ఎక్కింది. పెట్టె మూత చుట్టూ రబ్బరు రింగుకి కొత్తగా వేసెలీను రాసి ఉంది.

డిటెక్టివ్ ఆ వేళ్ళ గుర్తు మీద చెయ్యి ఆనించింది. ఇన్నేళ్ళ వృత్తిలో చచ్చినవాళ్ళని వెతికి చచ్చినవాళ్ళనే తెచ్చింది. బతికున్న మనిషి కాలిగుర్తు మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారి.

"అక్కడ ఏం దొరికింది?" అని పైనుంచి ఒక గొంతు.

ఆ గొంతు ఎవరిదో తెలియడానికి ఆమె తలెత్తి చూడక్కర్లేదు. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో విన్న గొంతు. ఇద్దరూ ఒకప్పుడు పోలీసు డిపార్టుమెంటులో పనిచేశారు. ఒక కేసును అతను మూసేశాడు, ఆమె మూయనివ్వనంది. స్టేషనులో మొదలైన ఆ పంతం ఇంటికొచ్చింది. ఇంట్లోంచి కోర్టుకి వెళ్ళింది. విడిపోయి ఏడేళ్ళు. ఇప్పుడతను పూతల ఫ్యాక్టరీకి సెక్యూరిటీ ఆఫీసరు.

ఆమె పైకెక్కి చేతులు తుడుచుకుంది. "నీకిక్కడేం పని?"

"నేను అడగాల్సిన ప్రశ్న. నీళ్ళ శాఖ పర్మిషను నా దగ్గరుంది. నీ దగ్గరేముంది?"

"మనిషి పోయినవాళ్ళ పర్మిషను."

అతను చిన్నగా నవ్వాడు. పొద్దున ఎనిమిదిన్నరకే వచ్చి రీడింగులన్నీ కాపీ చేసుకుని ఫ్యాక్టరీకి పంపేశానని చెప్పాడు. కంపెనీ వాదన తేలికైనది. కెమిస్టు పోయాక పెట్టెని పట్టించుకున్న నాథుడు లేడు, చచ్చిన ఎంజైము చెప్పిన సాక్ష్యం చెల్లదు, నలభై రోజుల రికార్డు తెగిపోయినట్టే లెక్క. సంఘం ముందు ఆ మాటే అంటారు.

"ఆ గీతలు నువ్వు చూశావా?" అని ఆమె అడిగింది, వీలైనంత మామూలుగా.

"నాకేం అర్థమవుతాయి? పంపమన్నారు, పంపాను. చూసుకోడానికి వాళ్ళకి కెమిస్టు ఉన్నాడు."

ఆ కెమిస్టు గీత తెరిస్తే ఐదు నిమిషాల్లో తను చూసిందే చూస్తాడు. ఇతన్ని ఇక్కణ్ణుంచి పంపించాలి, తను మాష్టారి దగ్గరికి పరుగెత్తాలి. ఆ తొందరలో నోరు జారింది.

"ఇక్కడేమీ లేదు. మీరు వెళ్ళండి."

అతను కదల్లేదు. పంపుల మోత మధ్య ఆ మాట వాళ్ళిద్దరి నడుమ నిలబడిపోయింది.

పెళ్ళైన నాటినుంచీ ఆమె అతన్ని మీరు అనే పిలిచేది. విడిపోయిన రోజు కోర్టు వరండాలో మొదటిసారి నువ్వు అంది, ఆ తర్వాత ఏనాడూ మార్చలేదు. ఎదురుపడిన నాలుగైదుసార్లూ ఆ నువ్వునే కత్తిలా వాడింది.

"ఏడేళ్ళకి మళ్ళీ మీరు అన్నావు," అన్నాడతను, గొంతు తగ్గించి. "కాపురం చేసే రోజుల్లో కూడా నువ్వు ఏదైనా దాస్తే మర్యాద ఎక్కువయ్యేది. మా అమ్మకి జబ్బని నాకు చెప్పకుండా దాచినప్పుడు, వారంరోజులు నన్ను అండీ అని పిలిచావు."

జవాబు చెప్తే గొంతు పట్టిచ్చేస్తుందని ఆమెకి భయం వేసింది. ఇంకొక భయం కూడా ఉంది, అది కేసుకి సంబంధించింది కాదు. తన ముఖం ఇంత తేలిగ్గా చదివే మనిషి ఇప్పటికీ ఒకడున్నాడని తెలిసి, అక్కడ, ఆ తడిగోడల మధ్య, ఎక్కడో లోపల హాయిగా అనిపించింది. రాత్రి అన్నం దగ్గర ఒక్కతే కూర్చున్నప్పుడు తను పోగొట్టుకున్నది మనిషినా, ఆ చదివే చూపునా అని ఎన్నోసార్లు అనుకుంది. ఇవాళ ఆ చూపే ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది.

అతను వంగి నిచ్చెన మెట్ల వైపు చూశాడు. తర్వాత నూనె రాసిన గడియ వైపు. చివరికి ఆమె వైపు.

"ఆవిడ బతికే ఉందా?"

"నీ యజమానులని అడుగు. ఆ రోజు ఇక్కడికి ఎవర్ని పంపారో."

"నేను చేరింది పోయిన వారం. ఆ రోజు సంగతి నాకు తెలీదు."

"ఎప్పుడూ నీకు తెలీదు. తెలుసుకోకుండా మూసెయ్యడమే నీకు వచ్చిన విద్య."

ఆ దెబ్బ తగిలింది. అతను జేబులోంచి ఫోను తీసి చూసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. జీపు కదిలిన చప్పుడు విని ఆమె టైము చూసుకుంది. పన్నెండూ పదిహేను.

మాష్టారి ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆమె ఏమీ చెప్పకుండా ఫ్రిజ్ తెరవమంది. మాష్టారు వింతగా చూసి తెరిచారు. కింది అరలో ప్లాస్టిక్ డబ్బీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒక్కో పొరకి ఒక్కో డబ్బీ, మూత మీద పెన్సిలుతో తేదీ. మూడు సోమవారాలు, వారానికి రెండు, మొత్తం ఆరు ఉండాలి.

"మీరు ఎప్పుడైనా లెక్కపెట్టారా?"

"ఎందుకమ్మా లెక్క? చేసి పెట్టేస్తాను. కిందికి చూడబుద్ధి కాదు."

ఆమె బయటికి తీసి బల్ల మీద పేర్చింది. ఐదో తేదీది ఒకటి. పన్నెండో తేదీది ఒకటి. పైన, నిన్నటిది ఒకటి. అంతే, మూడు. ప్రతి జతలోనూ ఒకటి మాయమైంది.

రెండు లేకపోవడం ఆమె ఊహించిందే. మూడోది ఊహించలేదు. నిన్న సాయంత్రం పెట్టిన జత విడిపోయిందంటే, ఇవాళ ఉదయం ఐదు నుంచి ఏడు మధ్య ఎవరో ఈ గదిలోకి వచ్చారు. మాష్టారు ఆనకట్ట మెట్ల మీద కూర్చుని ఏట్లోకి చూస్తున్న టైములో.

చెప్దామని నోరు తెరిచేలోపే, మాష్టారు నిన్నటి డబ్బీని చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పారు.

"నేను పద్దెనిమిది అని రాశాను," అన్నారు. "ఈమధ్య తేదీలు గుర్తుండట్లేదు. పద్దెనిమిదే రాశాను."

మూత మీద పద్దెనిమిది కొట్టేసి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో పంతొమ్మిది అని దిద్ది ఉంది. ఆ తొమ్మిదికి తోక కొంచెం ఎడమకి వంగింది.

"పొర తయారైన తేదీ తప్పైతే రికార్డు చెల్లదని ఎప్పుడూ దెబ్బలాడేది," అన్నారు మాష్టారు. "ముప్పై ఏళ్ళుగా నా తేదీలు దిద్దుతూనే ఉంది. ఇది ఆవిడ తొమ్మిది."

ఆయన కుర్చీలో కూర్చుని ఆ డబ్బీని రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నారు. ఏడవలేదు. అంత చిన్న వస్తువుని అంత జాగ్రత్తగా పట్టుకున్న చేతుల్ని డిటెక్టివ్ ఎన్నడూ చూడలేదు. గీత సంగతి, ఐదూ యాభై సంగతి, నిచ్చెన మీద అడుగుల సంగతి ఆమె మెల్లగా చెప్పింది. ఎడమ మడమ విషయం దాచుదామనుకుని, దాచలేక అదీ చెప్పింది.

"నొప్పితో వచ్చి నొప్పితో పోయిందా?"

"అవును మాష్టారూ."

"నేను ఇంట్లో లేనప్పుడు చూసి వచ్చిందా?"

"అవును."

అప్పుడు ఆయన ఆ ప్రశ్న అడిగారు. ఆమె దారి పొడుగునా భయపడుతూ వచ్చిన ప్రశ్న అదే. "బతికుండి, ఇంటిదాకా వచ్చి, నాకెందుకు కనపడలేదమ్మా?"

ఆమె తనకి తోచింది చెప్పింది. ఆ రోజు బావి దగ్గర ఎవరో డాక్టరమ్మని ఏట్లోకి తోశారు. చెప్పులూ సంచీ ఆనకట్ట మీద పెట్టింది కూడా వాళ్ళే అయ్యుంటారు. ఆవిడ ఎలాగో ఒడ్డుకి చేరింది. చచ్చిపోయిందని వాళ్ళు నమ్మినన్నాళ్ళే పెట్టె జోలికి ఎవరూ రారు. వాళ్ళ కళ్ళు మాష్టారి మీద ఉండే ఉంటాయి. మాష్టారు తెల్లవారుజామున ఏటికి పోవడం మానేసిన రోజున, ఆ ముఖంలో ఒక్క పూట వెలుగొచ్చిన రోజున, వాళ్ళకి తెలిసిపోతుంది.

మాష్టారు మెల్లగా తలూపారు. "అబద్ధం ఆడటం నాకు చేతకాదు. ఆవిడకి తెలుసు." డబ్బీ మూత మీది తొమ్మిదిని వేలితో తడిమారు. "నా ఏడుపు చాటున దాక్కుందన్నమాట. పోన్లే. ఇరవై రోజులు ఊరికే పోలేదు."

ఇంకా ఆరు రోజుల రికార్డు కావాలి. రేపు బుధవారం. రేపటి పొరే ఆఖరిది, అది ఇప్పటికే ఆవిడ చేతిలో ఉంది. రేపొక్కసారి నిచ్చెన దిగి ఎక్కితే ఆవిడ పని అయిపోతుంది.

ఒంటిగంటా యాభైకి డిటెక్టివ్ ఫోను మోగింది. అతనే.

"విను, అడ్డు రాకు," అన్నాడు. నడుస్తూ మాట్లాడుతున్నట్టు ఊపిరి వినిపిస్తోంది. "పొద్దున నేను పంపిన గీతని వాళ్ళ కెమిస్టు చూశాడు. పొర మారుతోందని పట్టేశాడు. ఎన్నింటికో కూడా పట్టేశాడు. మేనేజరు నన్ను పిలిచి అడిగాడు, ముసలాయన ఇంకా ఏటికి పోతున్నాడా అని. మామూలుగా అయితే ఎందుకడిగాడో నాకు అర్థమయ్యేది కాదు. బావి దగ్గర నీ ముఖం చూశాను కాబట్టి అర్థమైంది."

"వాళ్ళేం చేయబోతున్నారు?"

"ఈ రాత్రి డ్యూటీకి ఆ ఆపరేటరు రాడు. సెలవు పెట్టించారు. వాళ్ళ మనిషి ఉంటాడు. ఇంకో ఇద్దరు ఏటి వైపు, ఆ చిన్న గేటు దగ్గర."

"పోలీసులకి చెప్పు."

"చెప్పాను. మునిగిపోయిన మనిషికి రక్షణేంటని నవ్వారు. ఆ ఫైలు మూసింది ఒకప్పటి నా శిష్యుడే. నా దగ్గర నేర్చుకున్నదే చేశాడు." ఫోనులో ఏదో తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "ఉద్యోగం మానేశాను. రేపు పొద్దున ఐదింటికి పంప్‌హౌస్ మలుపులో ఉంటాను. నువ్వు రావద్దని చెప్పినా వస్తావు."

"వస్తాను," అంది ఆమె. ఇంకేదో అనాలనిపించింది, కానీ లైను తెగిపోయింది.

మాష్టారు అంతా విన్నారు. డాక్టరమ్మ ఎక్కడ ఉంటోందో, ఎవరింట్లో తలదాచుకుందో ఇద్దరికీ తెలీదు. కబురు పంపే దారి లేదు. రేపు ఉదయం ఐదూ నలభై దాకా ఆవిడ ఎవరికీ దొరకదు. ఆ తర్వాత అందరికీ దొరుకుతుంది.

డిటెక్టివ్ ఆయన్ని ఇంట్లోనే ఉండమంది. తలుపులు వేసుకోమంది. తామిద్దరం చూసుకుంటామని, అరవై దాటిన మనిషి అక్కడ చేసేదేమీ లేదని కాస్త కటువుగానే చెప్పింది.

మాష్టారు డబ్బీలు మూడూ ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేశారు. నిన్నటిది మాత్రం మళ్ళీ బయటికి తీసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"రేపు కూడా ఐదింటికే బయల్దేరతాను," అన్నారు. "ఇన్నాళ్ళూ ఆవిడ లేని చోట వెతికాను తల్లీ. రేపు ఉన్న చోటికి వెళ్తాను."